జావా ముస్లిములు: ఒక పరదేశి విద్యార్థి చూపు

హార్వర్డ్ విద్యార్థి క్లిఫర్డ్ గీర్ట్జ్ 1952లో ఇండోనేషియా వెళ్లి, తూర్పు జావాలోని పారె పట్టణంలో పరిశోధన సాగించారు. 1960లో వెలువడిన ‘ది రెలిజియన్ ఆఫ్ జావా’ దాని ఫలితమే. ఇంటింటి ఆచారాలను ఓపికగా నమోదు చేయడం ఈ గ్రంథం విశిష్టత. కాని సమాజాన్ని అబంగన్, సంత్రి, ప్రియాయి అని మూడుగా విభజించి, సంత్రీలే అసలైన ముస్లిములన్నట్లు చిత్రించడం దీని లోపం. ఇరుగుపొరుగును పిలిచి పెట్టే స్లమతన్ విందులో అరబ్బీ దుఆ చదువుతారని గ్రంథకర్తే వ్రాశారు; అయినా దానిని అబంగన్ల ఆచారంగానే లెక్కించారు.

సంస్కరణవాదుల కొలమానాన్నే గీర్ట్జ్ స్వీకరించారని మార్షల్ హాడ్జ్‌సన్ తన మరణానంతరం 1974లో ప్రచురితమైన గ్రంథంలో విమర్శించారు. ఆ విందు మూలాలు ముస్లిం సంప్రదాయంలోనే ఉన్నాయని 1988లో మార్క్ వుడ్‌వర్డ్ వాదించారు. ఒక వర్గం మాట విని తక్కినవారి ఈమాన్‌ను తూచరాదన్నదే పరదేశంలో చదివే విద్యార్థికి ఈ గ్రంథం నేర్పే పాఠం.