రికార్డు పోయింది, ఫైలు ఉండిపోయింది

పాత దరఖాస్తులు తీసేయమని ఆఫీసులో చెబుతారు. కుర్రాడు డిలీట్ క్వెరీ రాసి, వేర్ దగ్గర తేదీ పెట్టి నడుపుతాడు. వేలకు వేలు రికార్డులు పోయాయని స్క్రీన్ చెబుతుంది. డిస్క్ మాత్రం నిన్న ఎంత నిండి ఉందో ఇవాళా అంతే. టేబుల్‌లో ఉన్నది ఫైలు పాత్ మాత్రమే మరి. స్కాన్ చేసిన ఆధార్ కాపీలు, మార్కుల జాబితాలు ఫోల్డర్‌లో చెక్కుచెదరకుండా ఉంటాయి.

కాస్కేడ్ పెట్టాం కదా సార్, అంటాడు. కాస్కేడ్ ఇంకో టేబుల్ దాకా వెళ్తుంది గానీ డిస్క్ జోలికి పోదు. అసలు చిక్కు ఖాళీ లేకపోవడం కూడా కాదు. ఆ ఫైలు ఎవరిదో, ఎందుకుందో చెప్పగలిగింది ఆ రికార్డొక్కటే. దాన్ని ముందే చెరిపేశాక ఫోల్డర్‌లో మిగిలేవి అర్థంకాని అంకెల పేర్లే. వాటిని తీయడానికి ఎవరికీ ధైర్యం చాలదు.

పోనీ ట్రిగ్గర్‌లోంచే ఫైలు లేపేద్దామా అంటే, నేనొప్పుకోను. లావాదేవీ మధ్యలో రోల్‌బ్యాక్ అయితే రికార్డు తిరిగొస్తుంది, ఫైలు రాదు. మిగిలిపోయిన ఫైలుకు చోటే దండగ. ఫైలు లేని రికార్డుకైతే కౌంటర్ దగ్గర మనిషికి జవాబు చెప్పుకోవాలి. జాంగో ఫ్రేమ్‌వర్క్ కూడా మొదట్లో రికార్డుతో పాటు ఫైలునూ తీసేసేది. ఈ రోల్‌బ్యాక్ గొడవకూ, ఒకే ఫైలును రెండు రికార్డులు వాడుకునే సందర్భాలకూ జడిసి 2011లో 1.3 వెర్షన్ నుంచి మానేసింది. మంచి పనే చేసింది.

నా పద్ధతి వేరు. పోస్ట్‌గ్రెస్‌లో డిలీట్ చివర రిటర్నింగ్ అని రాస్తే, పోతున్న రికార్డుల పాత్‌లు చేతికొస్తాయి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో అదే పని అవుట్‌పుట్ చేస్తుంది. వాటిని అదే లావాదేవీలో 'తీయాల్సిన ఫైళ్లు' అనే టేబుల్‌లో పడేస్తాను. కమిట్ అయితే రెండూ జరుగుతాయి, కాకపోతే రెండూ జరగవు. రాత్రి ఒక చిన్న ప్రోగ్రాం వచ్చి, ఆ పాత్ ఇంకెవరైనా వాడుతున్నారేమో చూసి, లేకపోతే ఫైలు తీసి టిక్కు పెడుతుంది. ఫైలు అప్పటికే లేకపోయినా టిక్కే. దానికోసం ఆగిపోయి అరవకూడదు.

ఎన్నాళ్లాగి తీయాలన్నదే తేలని తగవు. బ్యాకప్ తిరిగి ఎక్కిస్తే రికార్డుకు ఫైలు దొరకాలి గనక నెలాగాలని సర్వర్ చూసేవాళ్లంటారు. 2023 డేటా రక్షణ చట్టమేమో, అవసరం తీరాక, వేరే చట్టమేదీ ఉంచమననప్పుడు, చెరిపేయమంటోంది. మార్కుల జాబితాకు నెల సరే. ఆధార్ కాపీకి మాత్రం నేను వారం కూడా ఇవ్వను.