దీపము వెనుక వేడి

వరికోతల కాలమున కృష్ణా డెల్టా దారులలో రాత్రివేళ మోటారు సైకిలు నడిపినవారికి హెడ్‌లైటు విలువ వేరొకరు చెప్పనక్కరలేదు. తారురోడ్డులో సగము మేర ఆరబోసిన ధాన్యము, అది చెదరకుండ అంచున వరుసగా పేర్చిన రాళ్లు, వెనుక దీపమైనను లేక గడ్డిమోపులతో సాగిపోవు ట్రాక్టరు, ఇవి కంటబడుటకును మనము బ్రేకు నొక్కుటకును నడుమ మిగులు నాలుగు గజముల దూరమే ఆయుర్దాయమును నిర్ణయించుచుండగా, ఆ దూరమును మరికొంత పెంచుకొనవలెనను కోరికను విలాసమని యెవ్వరును అనజాలరు.

అట్లు కోరినవాడు చేయు మొదటి పని దుకాణమునకు పోయి ఎక్కువ వాట్ల బల్బును కొనితెచ్చుట. నా పాత బుల్లెట్టులో ఉన్నది 60/55 వాట్ల హెచ్4 హాలొజెన్ బల్బు. చిన్న బండ్లలో పెక్కింటికి 35/35 వాట్ల హెచ్ఎస్1 వచ్చుచున్నది. అంగడివాడు 100/90 బల్బును చేతబెట్టి, రాత్రి పట్టపగలగునని హామీ యిచ్చును. పగలగుట నిజమే. ఆ పగలు ఏ త్రోవన వచ్చుచున్నది, ఆ త్రోవలో ఏమేమి కాలుచున్నది అను లెక్క మాత్రము అతడు చెప్పడు, మనము అడుగము.

తీగలో పుట్టు వేడి దానిలో ప్రవహించు విద్యుత్తు యొక్క వర్గమును బట్టి పెరుగునని జేమ్స్ జూల్ 1841లోనే ప్రకటించెను. 12 వోల్టుల బండిలో 60 వాట్ల బల్బు 5 ఆంపియర్లను లాగును. 100 వాట్లది 8కి పైబడి లాగును. కిలుము పట్టిన ఒక కనెక్టరులో ఓములో పదోవంతు నిరోధమున్నదనుకొందము. మొదటి బల్బు వెలుగునప్పుడు అచ్చట పుట్టు వేడి 2.5 వాట్లు, రెండవది వెలుగునప్పుడు దాదాపు 7 వాట్లు. గోరంత ప్లాస్టిక్కు ముక్క 7 వాట్ల వేడిని గంటల తరబడి భరించుట కల్ల. కనుకనే ఎక్కువ వాట్ల బల్బులు బిగించిన బండ్ల హోల్డర్లు మొదట గోధుమరంగుకు తిరిగి, పిమ్మట మెత్తబడి, తుదకు బల్బుతో ఏకమై ఊడిరాని స్థితికి వచ్చుచున్నవి. పింగాణీ హోల్డరు వేసినచో కరుగుట తప్పును గాని, దాని వెనుకనున్న సన్నని తీగ పింగాణీది కాదు గదా!

ఇంతకును చాలమంది బండ్లలో కొరవడినది వాట్లు కానే కాదు. విజయవాడ ఆటోనగరులో ఒక వృద్ధ మెకానిక్కు, నా హెడ్‌లైటు మందగించినదని నేను మొరపెట్టుకొనగా, మీటరు ముల్లును ఒకమారు బ్యాటరీ వద్దను, ఒకమారు హోల్డరు వద్దను ఆనించి చూచి, "బల్బుది తప్పు కాదండీ, కరెంటు దారిలోనే అలిసిపోతోంది" అనెను. ఇంతకంటె క్లుప్తముగ ఈ శాస్త్రమును చెప్పిన పాఠ్యపుస్తకమును నేను చదువలేదు. హెచ్4 బల్బు 13.2 వోల్టుల వద్ద దూరపు వెలుగున 1650 ల్యూమెన్లు, డిమ్మున 1000 ల్యూమెన్లు ఇచ్చునని ప్రమాణము. హాలొజెన్ వెలుగు వోల్టేజితో సమముగా తగ్గదు. అంతకు మించిన వేగముతో పడిపోవును. అదే బల్బుకు 12 వోల్టులే అందెనా, వెలుగులో పావువంతుకు పైగా మాయమగును. హ్యాండిలు మీది స్విచ్చు, దాని లోపలి అరిగిన రాగిరేకులు, ఏండ్ల తరబడి వానకు తడిసిన కనెక్టర్లు, అన్నియు తలా కొంత తిని, మిగిలినది బల్బుకు పంపుచున్నవి. ఇట్టి స్థితిలో ఎక్కువ వాట్ల బల్బు బిగించుట సన్నని పిల్లకాలువను నమ్ముకొని మరి పది ఎకరములు నాటుట వంటిది.

దీనికి మందు రిలే. అది గొప్ప విద్య యేమియు కాదు. స్విచ్చు ద్వారా పోవు స్వల్ప విద్యుత్తు రిలేలోని తీగచుట్టను మేల్కొలుపును, అంతే. బల్బును వెలిగించు అసలు విద్యుత్తు బ్యాటరీ నుండి ఫ్యూజు మీదుగా లావుపాటి తీగలో సూటిగా హోల్డరునకు చేరును. దూరపు వెలుగునకొకటి, డిమ్మునకొకటి, వెరసి రెండు రిలేలు. ఎర్తు తీగను సయితము తుప్పుపట్టిన ఫ్రేమునకు వదలక బ్యాటరీ దాక తెచ్చుకొనుట మేలు. దీనిని మరచు మెకానిక్కులే అధికులు. ఐతే వోల్టేజి పెంపునకు మూల్యము కలదు: ప్రమాణమునకు మించి నూటికి 5 వంతులు పెరిగినచో బల్బు ఆయుష్షు రమారమి సగమగును.

హాలొజెన్ బల్బునకు వేడి శత్రువు కాదనుట ఇచ్చట వింతగొలుపు సంగతి. రెండున్నర వేల డిగ్రీలకు మించి కాగు టంగ్‌స్టన్ తీగ నుండి లోహము ఆవిరియై లేచును. పాతకాలపు బల్బులో ఆ ఆవిరి గాజును నల్లబరచి ఊరకుండెడిది. హాలొజెన్ బల్బులో అది లోపలి వాయువుతో కూడి, తిరిగి తీగ చెంతకు చేరి, అచ్చట విడివడి, తీగ మీదనే వాలును. ఈ రాకపోకలు సాగుటకు బల్బు గోడ 250 డిగ్రీలకు తగ్గకుండ కాగుచుండవలెను. కనుకనే ఆ గాజు అంత చిన్నది. కనుకనే అది క్వార్ట్‌జ్. కనుకనే దానిని వట్టి వ్రేళ్లతో తాకరాదందురు, జిడ్డు అంటినచోట వేడి సమముగా పరచుకొనక గోడ దెబ్బతినును. పుచ్చుకొన్న శక్తిలో వెలుగగునది స్వల్పభాగమే. తక్కినది చాలవరకు వెలుగుతోపాటే ముందుకు పోవు అదృశ్య కిరణముల రూపమున అద్దమును వేడిచేయును. పాత బుల్లెట్ల గాజు అద్దము, లోహపు రిఫ్లెక్టరు దానిని ఓర్చును. నేటి బండ్ల ప్లాస్టిక్కు రిఫ్లెక్టరు మీది మెరుగుపూత ఓర్వక మసకబారును.

ఎల్ఈడీ కథ ఇందుకు తలక్రిందు. నీలి ఎల్ఈడీకిగాను అకసాకి, అమానో, నకమూరాలకు 2014లో నోబెల్ బహుమానము వచ్చిన నాటికే అది మన అంగళ్లలోనికి దిగినది. తక్కువ విద్యుత్తుతో ఎక్కువ వెలుగునిచ్చును, నిజమే. కాని దాని వేడి కాంతితో బయటికి పోక చిప్పు వెన్నుననే నిలుచును. దానిని అల్యూమినియము రెక్కలు, చిన్న పంకా, గాలి కలిసి సాగనంపవలెను. బుల్లెట్టు మీద రెండు పైలట్ లైట్ల నడుమనున్న లోహపు డొప్పలో గాలికి త్రోవ ఏది? పంకా తన వేడిగాలినే తాను త్రిప్పుకొనుచుండును. రబ్బరు తొడుగు తీసినచో గాలితోపాటు వానయు దుమ్మును దయచేయును. పైగా 2017 ఏప్రిల్ 1 నుండి క్రొత్త ద్విచక్రములకు ఇంజను నడుచుచున్నంతసేపు హెడ్‌లైటు వెలుగవలెనను నిబంధన వచ్చినది. పూర్వము చల్లని రాత్రి గాలిలో మాత్రమే పనిచేసిన దీపము, నేడు మే నెల మధ్యాహ్నము విజయవాడ బెంజి సర్కిలు సిగ్నలు వద్ద, గాలి స్తంభించిన వేళ, ఇంజను సెగకు తోడుగా మండుచున్నది. చిప్పు వేడెక్కినకొలది వెలుగు తగ్గును, ఆయుష్షు తరుగును. వానకాలమున అద్దము లోపల పట్టు చెమ్మను హాలొజెన్ తనంత తానే ఆరబెట్టెడిది. ఎల్ఈడీకి ఆ శక్తియు లేదు. ఎల్ఈడీ కొరకే నిర్మించిన దీపములందు ఈ లోపములు కొంత సర్దుబాటైనవి. నా తగవు పాత డొప్పలో చొప్పించు క్రొత్త బల్బుతోనే.

ఆ తగవులో ఎదుటివాని కన్నులకును భాగము కలదు. హెచ్4లో డిమ్ము తీగ క్రింద చిన్న లోహపు గిన్నె ఉండి, పైకెగయు వెలుగును అడ్డగించును. ఎల్ఈడీ చిప్పులు ఆ తీగ స్థానముననే, ఆ కొలతలోనే కుదరనిచో వెలుగు చెదరి, ఎదురు వచ్చువానిని అంధుని చేయును. దీపమునకు 8 మీటర్ల దూరమున, నేలకు 1.5 మీటర్ల ఎత్తున ఉన్న కంటికి మిరుమిట్లు గొలుపరాదని కేంద్ర మోటారు వాహన నిబంధనలలోనే కలదు. వెనుక మనిషిని కూర్చుండబెట్టి, గోడ మీద వెలుగు అంచును చూచి దీపమును దింపుకొనువారు ఎందరు?

కావున నన్నడిగిన మిత్రులకు నేను చెప్పునది: బల్బు కంపెనీది 60/55 ఉండనిండు, రిలేలును లావుపాటి తీగలును వేయుడు, అది చాలనప్పుడు మాత్రమే వాట్ల ఊసెత్తుడు. వేసిన తరువాత మొదటి రాత్రి ఒక గంట నడిపి, ఇంజను ఆపిన వెంటనే హోల్డరు వెనుక కనెక్టరును వ్రేళ్లతో పట్టి చూడుడు. పట్టుకొనజాలనంత కాలినచో, మరునాడు మెకానిక్కుచే దానిని విప్పించి, తీగ కొనను మరల గట్టిగా నొక్కించుడు.