వరస

డిసెంబరులో జంషెడ్‌పూర్‌లోని మా మాంగో మీదికి దల్మా కొండల చలి సాయంత్రానికే దిగిపోతుంది. ఈ వారం మా వీధి చివరింట్లో పిల్లలు క్రిస్మస్ పాటలు సాధన చేస్తుంటే వెళ్లి కూర్చున్నాను. ఒక గిటారు, ఒక చిన్న కీబోర్డు, మూల స్టూలు మీద ఎవరివో పాత తాళాలు. హిందీ పాటలు రెండయ్యాక పన్నెండేళ్ల పిల్లవాడొకడు లేచి ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లోంచి ఒకటి అందుకున్నాడు. చేతిలో నోటుబుక్కు ఉంది. తొంగి చూశాను. పాటంతా హిందీ అక్షరాల్లో రాసుకున్నాడు. తెలుగు మాట్లాడతాడు కానీ చదవలేడు.

చరణం రెండో పాదానికి వచ్చేసరికి, నేను నేర్చుకున్న పాటలో గొంతు పైకి వెళ్లే చోట వాడి గొంతు కిందికి దిగింది. "అలా కాదు బాబూ" అనే మాట నా నాలిక చివరిదాకా వచ్చి ఆగింది. ఎందుకు ఆగిందో చెప్పాలంటే నా బోర్డింగు రోజుల్లోకి వెళ్లాలి.

మా నాన్న ఇక్కడ కర్మాగారంలో పనిచేసేవారు. పిల్లకు తెలుగు చదువు పోకూడదని ఆరో తరగతిలో నన్ను కోస్తా జిల్లాలో ఒక క్రైస్తవ బోర్డింగు బడిలో చేర్చారు. ట్రంకుపెట్టె, కంచం, గ్లాసు, దుప్పటి, కీర్తనల పుస్తకం. తెల్లవారుజామున గంట కొడితే లేచి ప్రార్థన, సాయంత్రం అన్నాల ముందు మళ్లీ ప్రార్థన. వార్డెనమ్మ పాట నంబరు చెప్పేది. పెద్ద తరగతి అక్కలు పుస్తకం తెరవకుండానే పల్లవి ఎత్తుకునేవారు. వాళ్లు ఒక పాదం పాడితే మేమంతా దాన్ని తిరిగి పాడాలి.

కొత్తలో నాకు అందరి ముందు ప్రార్థన చేయమంటే మాట వచ్చేది కాదు, ఏడుపు వచ్చేది. ఇంటి మీద బెంగ. కానీ పాటలో నా గొంతు కలిసిపోయేది. నోట మాట రాని పిల్లకు పాటే ప్రార్థన అయింది. ఈ వయసులోనూ నాకు ప్రార్థన అంటే ముందుగా గుర్తొచ్చేది ఆ సిమెంటు నేల మీద వరసలుగా కూర్చున్న పిల్లల గొంతులే.

పల్లవి ఎత్తుకోవడం చిన్న విద్య కాదు. చరణంలో పాట ఎంత పైకి పోతుందో ముందే మనసులో చూసుకుని, దానికి సరిపడా కింద మొదలుపెట్టాలి. తొమ్మిదో తరగతిలో, ఈస్టరుకు ముందొచ్చే శ్రమకాలంలో ఒక తెల్లవారుజామున ఆ పని నాకిచ్చారు. ఉత్సాహం కొద్దీ బాగా పైన ఎత్తుకున్నాను. రెండో చరణానికి చిన్నపిల్లల గొంతులు జీరపోయాయి. అప్పుడు పదో తరగతి అక్క ఒకామె, నా వైపు చూడనైనా చూడకుండా, పల్లవికి తిరిగి వచ్చేటప్పుడు శ్రుతి దించి అందుకుంది. అందరూ ఆమె వెంట దిగారు. ప్రార్థన ఆగలేదు. నేను సిగ్గుపడాల్సిన పని కూడా లేకుండా పోయింది.

మా కీర్తనల పుస్తకంలో ప్రతి పాట మీదా రాగం పేరు, తాళం పేరు ఉండేవి. శంకరాభరణం, ఆనందభైరవి, ఆది, రూపకం. స్వరాలు మాత్రం లేవు. మాలో సంగీతం చదువుకున్నవాళ్లు ఎవరూ లేరు. ఆ రాగాల పేర్లు మాకు తెలియని ఊళ్ల పేర్లలాంటివి. మరి వరస ఎక్కడి నుంచి వచ్చింది? జూన్‌లో వచ్చిన చెల్లెళ్లకు, మార్చిలో వెళ్లిపోయేలోగా అక్కలు నేర్పితే వచ్చింది. సెలవులకు ఇంటికెళ్లిన పిల్లలు పల్లె గుడిలో పాడితే, చదువు రాని పెద్దవాళ్లు పాదం వెంట పాదం అందుకుంటే అక్కడ నిలిచింది. మాటలు అచ్చులో ఉన్నాయి, వరసను పిల్లలు మోశారు.

ఈ కీర్తనల వెనక పెద్ద చరిత్రే ఉంది. 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి దేశీయ రాగతాళాల్లో తెలుగు కీర్తనలు రాశారు. గంజాం, ఉత్తరాంధ్ర ప్రాంతాల్లో తిరిగి బోధించారు. 1842లో హేయర్ దొర గుంటూరు వచ్చాక లూథరన్ మిషను, ఒంగోలు వైపు బాప్టిస్టు మిషను బడులూ బోర్డింగులూ పెట్టుకుంటూ పోయాయి. దొరలు తమ దేశపు బాణీలూ తెచ్చారు. కానీ ఆ బాణీ కోసం తెలుగులో హ్రస్వాన్ని సాగదీస్తే అర్థమే మారిపోతుంది, "పడు" అన్నది "పాడు" అవుతుంది. తెలుగు కవి తెలుగు తాళంలో కట్టిన పాటకు ఆ ఇబ్బంది లేదు. అందుకే అది పల్లె నోట నిలిచింది.

జంషెడ్‌పూర్‌లో తొలి ఉక్కు దిమ్మ బయటికొచ్చిన 1912లోనే, డిసెంబరు 29న, కలకత్తాలో అజరయ్య గారు బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే. డోర్నకల్‌లో ఆయన కట్టించిన చర్చి 1939లో ప్రతిష్ఠ జరుపుకుంది. దాని గోపురాల్లో, స్తంభాల్లో హిందూ గుళ్ల పోలిక, మసీదుల పోలిక రెండూ ఉన్నాయి. కీర్తన కూడా నాకు అలాంటి కట్టడమే అనిపిస్తుంది. మా శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు ఉక్కు పనికి ఇంత దూరం వస్తూ ఆ కట్టడాన్ని గొంతులో పెట్టుకుని తెచ్చుకున్నారు.

ఇక్కడి నేలకూ ఇలాంటి కథే ఉంది. 1845 నవంబరు 2న గోస్నర్ మిషను వాళ్లు రాంచీ చేరారు. ముండా, ఉరావ్ సంఘాల్లో మాందర్ డోలు మోగుతుంటే పాడే క్రిస్మస్ పాట వింటే, వాళ్లూ తమ వరసను వదులుకోలేదని తెలుస్తుంది. కాబట్టి పిల్లల చేతిలో గిటారు ఉందని నాకు బెంగ లేదు. గిటారు మీద ఆనందభైరవి పలికించడం కష్టమే కానీ, పాడే పిల్లకు వరస వస్తే వాయించే పిల్లవాడు చెవితో వెతుక్కుంటాడు. నేను అడిగేది ఒక్కటే. ఫోనులో విని నేర్చుకునే పది పాటలతో పాటు, ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర విని ఒక్కటి నేర్చుకోండి.

ఇక ఆ సాయంత్రం నేనెందుకు ఆగానంటే, మా బోర్డింగులో ఒక జూన్‌లో కొత్తగా చేరిన పిల్ల, అందరికీ తెలిసిన కీర్తనను మరో వరసలో పాడింది. మేం నవ్వాం. శ్రుతి దించిన ఆ అక్కే మమ్మల్ని ఆపి, "మీ ఊళ్లో ఇలా పాడతారా? ఇంకోసారి పాడు" అంది. ఆ రాత్రి మేమంతా ఆ పిల్ల దగ్గర ఆ వరస నేర్చుకున్నాం.

పిల్లవాడి పాట అయ్యాక అడిగాను.

"ఎవరు నేర్పారు నాన్నా?"

"మామ్మ, ఆంటీ. మామ్మది టెక్కలి."

"మామ్మకు ఎవరు నేర్పారు?"

"తెలీదు. అడుగుతాను."

తెలుగులో పాట నడకనూ వరస అనే అంటాం, చుట్టరికాన్నీ వరస అనే అంటాం. పరాయి ఊళ్లో తెలుగువాడు కనిపిస్తే ఊరూ ఇంటిపేరూ అడిగి వరస కలుపుకుంటాం. ఆ పిల్లవాడి పక్కన కూర్చుని, రెండో పాదంలో వాడెక్కడ దిగితే అక్కడ నేనూ దిగుతూ, మూడుసార్లు పాడాను. ఇంటికొచ్చి నా పాత కీర్తనల పుస్తకం తీసి, ఆ నంబరు పక్కన పెన్సిలుతో రాసుకున్నాను: టెక్కలి వరస.