పంట లెక్కలో కూలివాని పాలు

వానకై ఆకసమువంక చూచు చెలకలును, మోటబావుల క్రింది చిన్న కమతములును, సావుకారు వద్ద నాగుకు తెచ్చిన వడ్లతో కరవునెలలు గడుపు కుటుంబములును గల కరీంనగరు జిల్లాలో 1929లో జన్మించిన చెన్నమనేని హనుమంతరావుగారు ఢిల్లీలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎకనమిక్ గ్రోత్‌లో ఆచార్యులై, ఏడవ ఆర్థిక సంఘమునందును, 1982 నుండి 1986 వరకు ప్రణాళికా సంఘమునందును సభ్యులై, 2004లో పద్మభూషణ పురస్కారము నందిరి. పదవుల మాట ఇంతటితో చాలును. ఆయన లెక్క కట్టిన తీరు మనకు ముఖ్యము.

రిజర్వు బ్యాంకువారు 1951–52లో 75 జిల్లాలలోని 600 గ్రామములందు గ్రామీణ పరపతి సర్వే జరిపించి, రైతు తెచ్చు అప్పులో సహకార సంఘముల వంతు నూటికి సుమారు 3 మాత్రమేయని తేల్చిరి. రైతు ఎవరివద్ద అప్పు తెచ్చుచున్నాడో ఆ సర్వే చెప్పెను. అతడు ఎకరమునకు ఎందరు కూలీలను, ఎన్ని ఎడ్లను, ఎంత ఎరువును వినియోగించుచున్నాడో ఆ దశకముననే ఆరంభమైన కమత నిర్వహణ సర్వేలు వ్రాసికొనినవి. అట్టి అంకెలనుండియే హనుమంతరావుగారు ఉత్పత్తి ప్రమేయములను గణించిరి. తక్కినవన్నియు స్థిరముగా నున్నవనుకొని, ఒక్క ఎరువునో ఒక్క శ్రమనో కొంచెము పెంచినయెడల పంట ఎంత పెరుగునో కనుగొనుటయే ఆ పద్ధతి.

ఈ పద్ధతికి నిజమైన ప్రయోజనము 1975లో వెలువడిన ఆయన గ్రంథమున కానవచ్చును. హరితవిప్లవమును పొగడువారును తెగడువారును క్రొత్త వంగడములను, ఎరువులను, ట్రాక్టరును ఒకే గాట కట్టుచుండిన కాలమది. ఆయన వానిని విడదీసిరి. వంగడమును ఎరువును ఎకరము దిగుబడిని పెంచి, కలుపుతీతకు, కోతకు, నూర్పిడికి మరికొందరు కూలీలను పిలుచును. ట్రాక్టరు ప్రధానముగా మనిషి పనిని తగ్గించును. ఈ రెంటిని కలిపి ఒకే రాశిగా పోసినయెడల పంట పెరిగినట్లు తెలియునేగాని, పెరిగినది ఎవరి యింటికి చేరెనో తెలియదు. చిన్న రైతు క్రొత్త విత్తనమునకు వెనుదీయుటకు కారణము అతని మౌఢ్యమని పలుకువారికి, పెట్టుబడికి అప్పు పుట్టకపోవుటను చూపుటకంటె వేరు సమాధానమేల? మన వ్యవసాయార్థశాస్త్రమున ఇంతకంటె న్యాయమైన గణనము నాకు కనబడలేదు.

కరవు ప్రాంతముల కార్యక్రమములను పరిశీలించుటకై ఆయన అధ్యక్షతన ఏర్పడిన సంఘము 1994లో నివేదిక సమర్పించెను. సుమారు 500 హెక్టారుల పరీవాహక క్షేత్రమును ఒక్కటిగా తీసికొని, వాననీటిని వాలుపైననే ఆపి, ఆ పనిని గ్రామస్థుల చేతులలో పెట్టవలెనన్న మార్గమును ప్రభుత్వము మరుసటి యేడు అమలుపరచెను. ఆదిలాబాదు గుట్టల క్రింద వ్యవసాయము చేయువారికి ఈ సూచన విలువ వేరుగా చెప్పనక్కరలేదు. తెలంగాణపు మిగులు నిధులపై 1969లో ఆయన వ్రాసిన వ్యాసమును గూడ ఎవరి పాలు ఎంతయను దృష్టితోనే చదువవలెను. పంపకమే అక్కడి ప్రశ్నయు.

శాతవాహన విశ్వవిద్యాలయ విద్యార్థులు ఆ 1975 నాటి గ్రంథమును చేతబట్టి, నేటి పత్తిచేలలోను వరికోత యంత్రముల వెనుకను నడచి, కూలివాని పాలు ఎంతయో మరల లెక్క కట్టుదురుగాక.