సంఘం పెరిగిందని ఎప్పుడనాలి?

సెలవు మీద ఒంగోలు వచ్చిన ప్రతిసారీ మా పాస్టరు గారు ముందుగా అడిగేది ఒకటే: "అక్కడ ఆరాధనకు ఎంతమంది వస్తున్నారమ్మా?" ప్రేమతో అడిగే మాటే. కానీ సౌదీ తూర్పు ప్రాంతంలో నర్సుగా పనిచేస్తూ, అక్కడి తెలుగు సహవాసంలో ఏళ్ల తరబడి ఉన్నాక, సంఘం బాగోగులు ఆ లెక్కలో తెలియవని నాకు గట్టిగా అనిపిస్తోంది. నేను చూసుకునేది వేరే లెక్క. పాట ఎత్తుకునే మనిషి, వాక్యం చెప్పే మనిషి, జబ్బుపడ్డవాళ్లను కనిపెట్టుకునే మనిషి రేపు ఉన్నట్టుండి వెళ్లిపోతే ఆ పని అందుకునే రెండో మనిషి ఉన్నారా? ఉంటే ఆ సంఘం పెరుగుతున్నట్టు. లేకపోతే హాలు కిటకిటలాడుతున్నా పెరగనట్టే.

సౌదీలో చర్చి భవనం ఒక్కటీ లేదు. ముస్లిమేతరులు బహిరంగంగా ఆరాధన చేయడానికి వీల్లేదు. ఇళ్లలో తమలో తాము ప్రార్థించుకుంటే అడ్డుపడబోమని అధికారులు చెబుతూ వచ్చినా, దానికి రాతపూర్వకమైన చట్టం లేదు. 2016లో మత పోలీసులకు అరెస్టు చేసే అధికారం తీసేశారు. అయినా మా జాగ్రత్త మాకుంటుంది. వారం సెలవు శుక్రవారం కాబట్టి ఆరాధనా ఆ రోజే. ఎవరో ఒకరి ఇంట్లో కూర్చుంటాం. బోర్డు ఉండదు, మైకు ఉండదు, ఫేస్‌బుక్‌లో ఫోటోలు ఉండవు. కారూ వీసా సౌకర్యం ఉన్న కుటుంబాలు పండగలకు పాతిక కిలోమీటర్ల కింగ్ ఫహద్ వంతెన దాటి బహ్రెయిన్ వెళ్లి చర్చిలో కూర్చుని వస్తాయి. అక్కడి అవాలీలో 2021 డిసెంబరులో పెద్ద కెథడ్రల్ కూడా ప్రతిష్ఠించారు. లేబర్ క్యాంపులో ఉండే వెల్డరుకూ, ఇంటిపనికి వచ్చిన అక్కకూ ఆ దారి లేదు. వాళ్లకున్నది మా హాలే.

ఇక్కడ ఎవరూ స్థిరం కాదు. ప్రాజెక్టు అయిపోతే ఫైనల్ ఎగ్జిట్ కొట్టేస్తారు. వారం కింద వాక్యం చెప్పిన అన్న ఈ వారం రాజమండ్రి బస్సులో ఉంటాడు. అందుకే మా సహవాసంలో పెద్దలు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు: ఏ పనీ ఒక్కరి చేతిలో ఉండకూడదు. కొత్త తమ్ముడికి మొదట పది నిమిషాలు సాక్ష్యం చెప్పే అవకాశం ఇస్తారు. తర్వాత ఒక కీర్తనో ఒక ఉపమానమో ఇచ్చి వివరించమంటారు. పెద్దాయన పక్కనే కూర్చుని వింటాడు. అందరూ వెళ్లాక టీ తాగుతూ ఎక్కడ బాగుందో, ఎక్కడ వాక్యాన్ని దాటి సొంత మాట చెప్పాడో నెమ్మదిగా చెబుతాడు. హాలు నిండకముందే రెండో ఇల్లు చూస్తారు. ఆ కొత్త ఇంటికి బాగా నిలదొక్కుకున్నవాళ్లనే పంపుతారు. మంచివాళ్లను వదులుకోవడం కష్టమే. ఆ కష్టం పడ్డ సంఘమే నిలుస్తుంది.

ఇది మాకు కొత్తగా తట్టిన ఆలోచన కాదు. మా ఒంగోలు చరిత్రలోనే ఉంది. మిషనరీ జాన్ క్లౌ దొర హయాంలో 1867 జనవరి 1న ఎనిమిది మందితో అక్కడ బాప్టిస్టు సంఘం మొదలైంది. దొర పేరు అందరికీ తెలుసు. కానీ పల్లెల్లోకి వాక్యం తీసుకెళ్లింది తోలుపని చేసుకునే ఎర్రగుంట్ల పేరయ్య లాంటివాళ్లు. 1872కల్లా రామపట్నంలో బోధకుల కోసం వేదాంత పాఠశాల పెట్టారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాం. ఆ రోజు నీళ్లలో దిగి బాప్తిస్మమిచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని. జనం రాకముందే వాళ్లను చూసుకునే మనుషులు తయారయ్యారు. ఆ వరసే నాకు ముఖ్యం.

ఇంకో సంగతీ ఉంది. అంతకుముందు రెండేళ్లూ భయంకరమైన కరువు. క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. ఆ సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. కూటి కోసం వచ్చినవాళ్లెవరో, విశ్వసించి వచ్చినవాళ్లెవరో తేలాలని. ఇవాళ గల్ఫ్‌లో ఉన్న ప్రతి క్రైస్తవుడూ ఈ నియమం గుండెలో పెట్టుకోవాలి. జీతం అందక, ఇకామా (నివాస అనుమతి) గడువు తీరి తిరిగే మనిషికి అన్నం పెట్టేటప్పుడు, రాయబార కార్యాలయానికి అర్జీ రాసిపెట్టేటప్పుడు, అతని మతం అడగకూడదు. తర్వాత కూటానికి రమ్మని బలవంతపెట్టకూడదు. సాయానికి బదులు ఆశిస్తే అది ఎరే అవుతుంది. ఎరకు వచ్చిన జనంతో సంఘం ఉబ్బుతుంది గానీ ఎదగదు.

డబ్బు విషయంలో సౌదీ చట్టం మాకు మేలే చేసిందంటాను. అనుమతి లేకుండా విరాళాలు వసూలు చేయడం అక్కడ నేరం. అందుకే మా దగ్గర కానుకల పెట్టె లేదు, కోశాధికారి లేడు. అవసరం ఎవరిదో వాళ్లకు, ఇవ్వగలిగినవాళ్లు నేరుగా చేతిలో పెడతారు. పెద్దరికంలో డబ్బు లేనప్పుడు, ఆ పెద్దరికం కోరుకునేవాళ్లలో సేవ చేసే మనసున్నవాళ్లే మిగులుతారు.

ఊళ్లో లూథరన్, బాప్టిస్టు, సీఎస్ఐ, హెబ్రోను, పెంతెకొస్తు అని ఎవరి గుడి వారిదే. మాల పల్లె చర్చి, మాదిగ పల్లె చర్చి అన్న గీతలూ ఉన్నాయి. ఇక్కడ అందరూ ఒకే చాప మీద కూర్చోవాలి. చిన్నపిల్లలకు బాప్తిస్మం ఇవ్వాలా వద్దా అన్న వాదన శుక్రవారం ఎత్తం. అది ఎవరి సొంత సంఘానికి వారు తేల్చుకోవాల్సిన విషయం. కులం మాత్రం వదిలేసే విషయం కాదు. వంట ఒకరిదీ వడ్డన ఇంకొకరిదీ అయినప్పుడు, ఎవరు ఎవరి చేతి అన్నం తింటున్నారో పెద్దలు గమనిస్తారు. తినకుండా పక్కకు జరిగిన మనిషితో ఆ వారమే కూర్చుని మాట్లాడతారు.

రాలేనివాళ్ల లెక్క ఇంకొకటి. గోదావరి జిల్లాల నుంచీ, కడప నుంచీ ఇంటిపనికి వచ్చిన ఆడవాళ్లకు బయటికి అడుగుపెట్టే స్వేచ్ఛ తక్కువ. యజమానులు పడుకున్నాక రాత్రి పదకొండు గంటలకు ఫోను చేస్తారు. మా ఆడవాళ్లం వంతులు వేసుకుని ఆ ఫోన్లు ఎత్తుతాం. "అక్కా, ఒక్క పాట పాడవా" అంటుంది ఒకామె. పాడతాం, ప్రార్థిస్తాం, జీతం అందిందో లేదో, తిన్నదో లేదో అడుగుతాం. ఆమె మా హాజరు పట్టీలో ఎప్పటికీ కనిపించదు. అయినా ఆమె మా సంఘమే.

ఈ ఇసుక నేలలో క్రైస్తవ సంఘం మాతో మొదలు కాలేదు. జుబైల్ దగ్గర 1986లో పురాతనమైన చర్చి గోడలు బయటపడ్డాయి. ఖతీఫ్ పక్కనున్న తారూత్ ద్వీపంలో, దారీన్ అనే ఊళ్లో, క్రీ.శ. 676లో తూర్పు సంఘం అనే ప్రాచీన క్రైస్తవ శాఖ అధిపతి గివర్గిస్ స్వయంగా వచ్చి బిషప్పుల సభ జరిపాడు. అప్పటికి అక్కడి బిషప్పులకూ సంఘాధిపతులకూ మధ్య చీలిక వచ్చి ఏళ్లు గడిచాయి. దాన్ని సరిచేసి క్రమం నిలబెట్టడానికే ఆ ప్రయాణం. సంఘాన్ని కాపాడాలంటే పెద్దల మధ్య తగువు తీర్చడం ఎంత ముఖ్యమో వాళ్లు అప్పుడే గుర్తించారు. మా దగ్గరా పెద్దల మధ్య మాట తేడా వస్తే ఆ వారం దాటనివ్వం.

మన ఊళ్లలోని సంఘ కాపరులకు నాదొక మనవి. మీ సంఘంలో ఎవరైనా సౌదీకి వీసా తెచ్చుకుంటే, ప్రార్థన చేసి పంపి ఊరుకోకండి. వెళ్లే ముందు నెల రోజులు కూర్చోబెట్టి వాక్యం వివరించడం, పాట ఎత్తుకోవడం, రోగి పక్కన ప్రార్థించడం నేర్పండి. అక్కడి చట్టాన్ని గౌరవించమనీ, ఎవరికీ మతం అంటగట్టవద్దనీ చెప్పండి. తిరిగొచ్చినవాళ్లను వెనక బెంచీలో కూర్చోబెట్టకండి, పని అప్పగించండి. ఇక "ఎంతమంది వస్తున్నారు" అన్న ప్రశ్న పక్కన "ఎంతమందికి పని నేర్పారు" అన్న ప్రశ్న కూడా చేర్చండి. దానికి జవాబు చెప్పగలిగిన సంఘం సౌదీలో ఉన్నా, సంతనూతలపాడులో ఉన్నా బతుకుతుంది.