పేజ్‌మేకర్‌లో ఉండిపోయిన తెలుగు

యానాంలో నాకు తెలిసిన డీటీపీ సెంటర్‌లో పెళ్ళి శుభలేఖ నుంచి కవితా సంపుటి దాకా ఇప్పటికీ పేజ్‌మేకర్ 7లో, అను ఫాంట్లతోనే తయారవుతాయి. ఒక్క యానాం అనేముంది, తెలుగు పుస్తకాలు తయారయ్యే ఊళ్ళు చాలావాటిలో ఇదే పద్ధతి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. దాని తర్వాత అడోబీ పేజ్‌మేకర్ 8 తేలేదు, ఇన్‌డిజైన్ మీదే దృష్టి పెట్టింది. మరి ఇరవయ్యేళ్ళు దాటిన సాఫ్ట్‌వేర్‌ని పట్టుకుని వేలాడడం ఏమిటని నాలాంటి కంప్యూటర్ ఉద్యోగులు తేలిగ్గా అనేస్తుంటారు.

"పనైపోతోంది కదా బాబూ, మార్చడం దేనికి?" అంటారు అక్కడి ఆపరేటర్ గారు. ఆ మాటలో బలం ఉంది. పేజ్‌మేకర్‌కి నెలనెలా చందా కట్టక్కర్లేదు, ఇన్‌డిజైన్‌కి కట్టాలి. ఏళ్ళ తరబడి వేళ్ళకి అలవాటైన కీబోర్డు ఉంది. అన్నిటికన్నా ముఖ్యం, అచ్చు అందం. యూనికోడ్‌లో తెలుగుకి 1991 నుంచే చోటున్నా, పుస్తకానికి పనికొచ్చే ఫాంట్లు చాలాకాలం రాలేదు. విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి తెర మీద చదవడానికి సరిపోయింది గానీ, దానితో నవల వెయ్యాలని ఎవరికి అనిపిస్తుంది? ఇన్‌డిజైన్‌లో కూడా తెలుగు యూనికోడ్‌కి సరైన సదుపాయం 2012లో, సీఎస్6తో గానీ రాలేదు. అప్పటిదాకా మారనివాళ్ళని తప్పుపట్టడానికి ఏమీ లేదు.

ఇప్పుడు ఆ కారణాలు చాలావరకు పోయాయి. సిలికానాంధ్ర ఉచితంగా అందించిన సూరన్న, మండలి లాంటి ఫాంట్లున్నాయి. ఇక మిగిలింది అలవాటూ ఖర్చూ. శుభలేఖకీ కరపత్రానికీ ఆ రెండు కారణాలూ చాలు, వాటి ఆయుష్షు నెలరోజులు. పుస్తకం సంగతి వేరు.

ఎందుకంటే, అను ఫైల్లో కంటికి కనిపించేది తెలుగు, లోపల ఉన్నది తెలుగు కాదు. 'స్త్రీ' అన్న మాట యూనికోడ్‌లో స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం అని ఆరు సంకేతాలుగా, పలికే వరుసలోనే నిలవ ఉంటుంది. ఏ ఫాంట్ వేసినా అది స్త్రీయే. అను పద్ధతిలో అక్షరాన్ని తలకట్టు, గుడి, ఒత్తు అంటూ బొమ్మ ముక్కలు చేసి, ఇంగ్లీషు అక్షరాలకీ గుర్తులకీ కేటాయించిన చోట్లలో పెడతారు. ఫాంట్ తీసేస్తే మిగిలేది అర్థంలేని ఇంగ్లీషు గుర్తుల వరస. పీడీఎఫ్ చేసి దాచుకున్నా ఇంతే, అందులోంచి ఒక వాక్యం కాపీ చేసి చూడండి.

విమర్శ రాసేవాడికి ఇది ఎక్కడ తగులుతుందో చెప్తాను. ఒక కథకుడు 'లంక' అన్న మాటని ఎక్కడెక్కడ, ఏ అర్థంలో వాడాడో చూడాలనుకుంటే, అను ఫైల్లో వెతకలేం. పుస్తకం మళ్ళీ వెయ్యాలంటే అదింకా పెద్ద తలనొప్పి. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లున్నాయి. కానీ ఒత్తులు జారిపోతాయి, మాటలు అతుక్కుపోతాయి, మొత్తం మళ్ళీ ప్రూఫు చూడాల్సిందే. అసలు పేజ్‌మేకర్ ఫైలు తెరవడమే కష్టమవుతోంది: ఇన్‌డిజైన్ సీఎస్6 దాకా వాటిని తెరిచేది, ఆ తర్వాతి సీసీ వెర్షన్లు తెరవవు. కంప్యూటర్ పాడైతే రచయిత పిల్లల చేతిలో మిగిలేది చివరి అచ్చుప్రతి ఒక్కటే.

"మేం యూనికోడ్‌లోనే టైపు చేసి ఇస్తున్నాం కదా" అని ఈ తరం రచయితలు అంటారు. నిజమే. అయితే ప్రూఫులు దిద్దేది ఎక్కడ? పేజ్‌మేకర్‌లో. మూడు దఫాలుగా మార్చిన వాక్యాలు, తీసేసిన పేరా, సరిచేసిన పేరు, అన్నీ అను ఫైల్లోనే ఉండిపోతాయి. రచయిత దగ్గరున్న యూనికోడ్ ప్రతి చిత్తుప్రతి స్థాయిలోనే ఆగిపోతుంది. అచ్చయిన పాఠం ఒకటి, భద్రంగా ఉన్న పాఠం ఇంకొకటి. పాఠభేదాల గురించి తాళపత్రాల విషయంలో మాట్లాడుకున్నాం, నిన్నగాక మొన్నటి కథల సంపుటికి కూడా అదే గతి పట్టింది.

అందుకని, ఆపరేటర్ గారిని రేపటికల్లా ఇన్‌డిజైన్‌కి మారమని నేను అడగను. అడగాల్సింది రచయితనీ ప్రచురణకర్తనీ. ప్రూఫులన్నీ యూనికోడ్ ప్రతిలోనే ముగించండి. పేజీలు పెట్టాక దొరికిన తప్పుల్ని రెండు చోట్లా దిద్దండి. పేజ్‌మేకర్ ఎన్నాళ్ళు నడిస్తే అన్నాళ్ళు నడవనివ్వండి, పుస్తకానికున్న ఒక్కగానొక్క ప్రతి మాత్రం అందులో ఉండకూడదు.