పొట్లం కట్టడంలోనే పనితనం

చేపల పులుసు పెట్టేవాళ్లకు చివరిదాకా అవకాశం ఉంటుంది. ఉప్పు చాలకపోతే చల్లుకోవచ్చు, పులుపు ఎక్కువైతే చిటికెడు బెల్లంతో సర్దుకోవచ్చు. ఫాయిల్ పొట్లంలో చేప వండేవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. మడత పడిందంటే చెయ్యాల్సిందంతా అయిపోయినట్టే, ఇక మిగిలింది పావుగంట సెగ. ఆఫీసు నుంచి అలసి వచ్చిన రాత్రి ఇది హాయిగా అనిపించేది అందుకే. ఆ హాయికి వెనకున్న నేర్పు చూస్తే మాత్రం నాకు ఎప్పుడూ ముచ్చటేస్తుంది.

ముందు ముక్క సంగతి. ముళ్లు తీయించిన పండుగప్ప దీనికి చక్కగా కుదురుతుంది. అంగుళం మందం ఉండాలి. తోక వైపు పలచబడే భాగాన్ని నేర్పరులు కిందికి మడిచి మందం సమం చేస్తారు. పొట్లంలో ఏం జరుగుతోందో కనబడదు కాబట్టి ఈ జాగ్రత్త. మందం ఒకేలా ఉంటే 200 డిగ్రీల ఓవెన్‌లో సుమారు 15 నిమిషాలు చాలు. ఓవెన్ లేకపోతే మందపాటి పెనం మీద మూతపెట్టి సన్నసెగన ఉడికించుకోవచ్చు.

అంత త్వరగా ఎలా ఉడుకుతుంది? చేప కండలో పోగులు పొట్టివి. పొరల్ని పట్టి ఉంచే కొలాజెన్ వేటమాంసంలో కన్నా చాలా తక్కువ, పైగా తక్కువ వేడికే కరుగుతుంది. అందుకే ముక్క పొరలుగా విచ్చుకుంటుంది. ఆ క్షణం దాటితే అదే ముక్క ఎండి పీచుబారుతుంది. ఓవెన్ ఎంత వేడిగా ఉన్నా పొట్లంలో తడి ఉన్నంతసేపూ చేప చుట్టూ ఉండేది ఆవిరే, దాని వేడి సుమారు 100 డిగ్రీలు. అంచేత చేప మెత్తగా ఉడుకుతుంది కానీ ఏదీ వేగదు, ఎర్రబడదు.

ఈ చిన్న విషయం తెలిసినవాళ్ల పొట్లం వేరుగా ఉంటుంది. పచ్చి అల్లంవెల్లుల్లి ముద్ద పట్టించి మూసేస్తే పచ్చివాసన లోపలే ఉండిపోతుంది. దాన్ని ఉల్లిపాయతో ముందే నూనెలో వేయించి, చల్లార్చి, ముక్కకు పట్టించాలి. బంగాళాదుంపలు వెయ్యాలంటే ముందే ఉడికించాలి. టమాటా, కొత్తిమీర, చీరిన పచ్చిమిర్చి మాత్రం పచ్చివే బాగుంటాయి.

ఇక మడత. అసలు అందమంతా ఇక్కడే ఉంది. ఫాయిల్‌లో సగం మీద చేప, రెండో సగం దుప్పటిలా పైన. మూడు అంచుల్నీ అరంగుళం చొప్పున రెండేసి సార్లు మడిచి గోటితో నొక్కాలి. చేపకు అంటుకుపోయేలా బిగించకూడదు. ఆవిరి తిరగడానికి పైన కాస్త చోటుండాలి. సరిగ్గా మూసిన పొట్లం సెగకు ఉబ్బుతుంది. ఎక్కడైనా సందు ఉంటే ఉబ్బదు, రసం కారిపోతుంది.

ఫాయిల్ బదులు ఆకుతో కట్టే పొట్లాలూ ఉన్నాయి. బెంగాలీలు పాతూరి అనే వంటకానికి ఆవముద్ద, కొబ్బరి, ఆవనూనె పట్టించి అరిటాకులో చుట్టేది ఎక్కువగా ఈ పండుగప్పనే. వాళ్లు దాన్ని భేట్కి అంటారు. పార్సీలు పాత్రానీ మచ్ఛీ అని కొబ్బరి, కొత్తిమీర పచ్చడి పూసిన చందువను అరిటాకులోనే ఆవిరి మీద ఉడికిస్తారు. పెళ్లివిందులో దానిది పెద్దపీట. చిరగకుండా ముందు ఆకును మంట మీద తిప్పి మెత్తబరచడం ఈ వంటల్లో మొదటి పాఠం. మూత బిగువులో ఫాయిల్‌దే పైచేయి, పరిమళంలో ఆకుకు అది సాటిరాదు. పైగా నిమ్మరసం, చింతపండు, ఉప్పు తగిలితే అల్యూమినియం కొంత కూరలోకి దిగుతుంది. నా మట్టుకు లోపల అరిటాకు, బయట ఫాయిల్ అన్నదే సరైన పద్ధతి.

దించిన పొట్లాన్ని అలా వదిలెయ్యకండి, లోపలి వేడికి చేప ఇంకా ఉడుకుతూనే ఉంటుంది. ముఖానికి దూరంగా ఉన్న అంచు ముందు విప్పండి, ఆవిరి గట్టిగా కాలుస్తుంది. అడుగున చేరిన రసంలో చేప రుచి అంతా ఉంటుంది. దాన్ని పారబోయకుండా వేడన్నంలో కలుపుకోండి.